పొద్దుటి బండి గీత, సాయంత్రం బండి గీత

మా ఆయనకు తెనాలిలో పంపుసెట్ల కొట్టు ఉంది. పెళ్లిళ్లలో చుట్టాలు ఆయన్ని ఏం చేస్తున్నావని అడిగితే ఒక్క ముక్కలో చెబుతారు. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒకరిద్దరు పక్కకు పిలిచి ధర కూడా అడుగుతారు. నన్ను అడిగినప్పుడే ఇబ్బంది. బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెబుతానంటే అక్కడితో వదిలేస్తారు. మా ఆయనకు మాత్రం అది చాలదు.

"చెప్పడం ఒక్కటే కాదు బాబాయ్, రీసెర్చి కూడా. చచ్చిపోయిన నక్షత్రాల లోపల ఏముందో లెక్కేస్తది."

"ఏముందిరా?"

"ఇంకా తేలలేదు."

"ఎప్పటినుంచి చూస్తోంది?"

"మా పెళ్లికి ముందు నుంచి."

బాబాయి గారు నా వైపు జాలిగా చూసి, సాంబారు బకెట్టుతో పోతున్న మనిషిని కేకేశారు. నా వృత్తి మీద చర్చ అక్కడికి ముగిసింది.

నిజానికి ప్రశ్న తేలికైనదే. పెద్ద నక్షత్రం ఒకటి ఇంధనం అయిపోయి కూలితే, మిగిలిన ముద్దను తెనాలిలో పెడితే చేబ్రోలు దాటి కాస్త దూరం వస్తుంది, అంతే. బరువు మాత్రం సూర్యుడికి మించే. ఆ నొక్కుడులో పరమాణువులు మిగలవు. లోలోపలికి పోతే న్యూట్రాన్ల గోడలు కూడా చెరిగి, వాటిలోని క్వార్కులు కలగలిసిపోవచ్చు. పోవచ్చు అనే అంటున్నాను. మా రంగంలో ఎవరూ పోతాయి అనరు. అన్నవాళ్లకు వెంటనే ఉత్తరాలు వస్తాయి.

కలగలిసిన క్వార్కులు ఊరుకోవు, జతలు కడతాయి. అప్, డౌన్, స్ట్రేంజ్ అని మూడు రకాలు. ఒక్కో రకానికి మూడేసి రంగులు. రంగులంటే కంటికి కనిపించేవి కావు, తేడా తెలియడానికి పెట్టుకున్న పేర్లు. స్ట్రేంజ్ రకం కొంచెం బరువు. సాంద్రత మరీ ఎక్కువ కానప్పుడు ఆ బరువైనదాన్ని పక్కన పెట్టి అప్, డౌన్ మాత్రమే జత కడతాయి. అదీ రెండు రంగుల్లోనే. మూడో రంగు ఒంటరిగా నిలబడుతుంది. దీన్ని మేం మాటల్లో సగం జత అనుకునేవాళ్లం. సాంద్రత బాగా పెరిగితే ఆ బరువును ఎవరూ పట్టించుకోరు. మూడు రకాలూ మూడు రంగులూ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, ఎవరూ మిగలరు. అది నిండు జత. సగం ఎక్కడ ఆగుతుంది, నిండు ఎక్కడ మొదలవుతుంది? అదీ ప్రశ్న.

'మేం' అన్నానుగా, అందులో రెండో మనిషి నా రీసెర్చి విద్యార్థిని. రేపల్లె అమ్మాయి. వాళ్ల నాన్నకు బజారులో టైలరింగ్ షాపు. ఆమె థీసిస్ మొత్తం ఒక్క గీత మీద నిలబడి ఉంది. గ్రాఫులో కుడికి పోయేకొద్దీ సాంద్రత పెరుగుతుంది; ఆ గీతకు ఎడమవైపు సగం జత, కుడివైపు నిండు జత. ఆమె లెక్క ప్రకారం ఆ గీత అందరూ అనుకునే చోటుకన్నా చాలా కుడిగా పడింది. అంటే బరువైన నక్షత్రాల నడిబొడ్డులో కూడా సగం జతే బతికి ఉంటుందన్నమాట. టైటిల్ కూడా అదే: ఫలానా దశ నక్షత్రగర్భంలో నిలిచి ఉండుట. దశ అంటే ఇంగ్లీషులో ఫేజు, ఇక్కడ సగం జత. థీసిస్ ఇచ్చే ముందు కమిటీ ఎదుట ఒక సెమినారు చెప్పాలి. అది గట్టెక్కితే డిగ్రీ వచ్చినట్టే, లేకపోతే మళ్లీ మొదటికి. వాళ్ల నాన్న అప్పటికే కొలతలిచ్చిన ప్రతి మనిషికీ ఈ సంగతి చెప్పేశాడని తర్వాత తెలిసింది.

రేపల్లె నుంచి బాపట్లకు కర్లపాలెం మీదుగా బస్సులో వస్తే దగ్గర. కానీ బస్సులో లాప్‌టాప్ తెరిస్తే పక్కవాళ్ల మోచేతులు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకని ఆమె పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్ ఎక్కి తెనాలి వచ్చి, అక్కడ నాతో కలిసి బాపట్ల బండి ఎక్కేది. చుట్టూ తిరిగి వచ్చే దారి. అయినా కిటికీ పక్కన సీటు, ఒళ్లో లాప్‌టాప్, బయట కాలవ. రీసెర్చికి ఇంతకంటే మంచి ల్యాబు నేను చూడలేదు. ఫ్యాను తిరిగే రోజుల్లో మరీనూ.

ఆ లాప్‌టాప్ బ్యాటరీకి వయసు మీరింది. తెనాలి దాకా వస్తే అదే పదివేలు. అందుకని ఆమె ఒక ఉపాయం పట్టింది. ఇలాంటి సమీకరణాలకు జవాబు వెతకడానికి మొదట ఒక ఊహ ఇవ్వాలి. ఊహ దగ్గరగా ఉంటే జవాబు తొందరగా దొరుకుతుంది. తక్కువ సాంద్రత దగ్గర మొదలుపెట్టి, ఒక చోట వచ్చిన జవాబునే పక్క చోటుకు ఊహగా ఇస్తూ, మెట్టుమెట్టుగా పైకి పోయేది. భట్టిప్రోలు దగ్గర సగం జతలో ఉన్న నక్షత్రం, తెనాలి ఔటర్‌లో బండి ఆగేసరికి నిండు జతకు చేరేది. తెనాలి ఔటర్‌లో బండి ఎప్పుడూ ఆగుతుంది. ఆ సమయం కూడా లెక్కలో కలుపుకొంది పిల్ల.

నాదొక పద్ధతి ఉంది. విద్యార్థి లెక్క పూర్తయ్యేదాకా నేను వేలు పెట్టను. అంతా అయ్యాక, ఆమె కోడ్ చూడకుండా, నా కోడ్ నేనే రాసుకుని మొత్తం మళ్లీ వేస్తాను. రెండు గ్రాఫులూ ఒకే కొలతతో ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, రైలు కిటికీకి ఆనించి వెలుగులో చూస్తాం. గీత మీద గీత పడితే ఆ రోజు బాపట్లలో టిఫిన్ నాది. రెండు అధ్యాయాలకు అలాగే టిఫిన్ పెట్టించాను. మూడోదానికి, సెమినారు దగ్గర పడ్డాక, కాగితాలు కిటికీకి ఆనించాం. కింద కలిశాయి, పైన కలిశాయి. మధ్యలో ఆమె గీత ఒకచోట, నా గీత దానికి చాలా ఎడమగా ఇంకోచోట.

"కాగితం జరిగిందేమో మేడమ్."

జరిపి చూశాం. కాగితం తప్పేం లేదు.

ఎదురు సీట్లో ఉల్లిపాయల సంచీ కాళ్ల మధ్య పెట్టుకున్న పెద్దాయన చాలాసేపు చూసి ఇక ఆగలేకపోయాడు. "ఎక్స్‌రే ఏంటమ్మా అది? ఎవరికి?"

"నక్షత్రానికి తాతయ్యా," అంది ఆ పిల్ల.

"విరిగిందా?"

"అదే చూస్తున్నాం."

ఆయన తలూపి, తెలిసిన ఎముకల డాక్టరు ఒకాయన అడ్రసు చెప్పబోయి, మా ముఖాలు చూసి మానుకున్నాడు.

తర్వాత జరిగింది మా ఫీల్డులో అందరూ చేసే పనే: మైనస్ గుర్తు వెతకడం. ఎక్కడో ఒక మైనస్ ప్లస్ అయి ఉంటుందని, రెండుతో భాగించడం మరిచి ఉంటామని, ఆమె నా కోడూ నేను ఆమె కోడూ దువ్వాం. పేలు దొరకలేదు. ఒకరినొకరు చాలా మర్యాదగా అనుమానించుకున్నాం. "మీది పాత కోడ్ కదా మేడమ్" అని ఆమె, "నీది కొత్త కోడ్ కదమ్మా" అని నేను. అర్థం ఇద్దరికీ ఒకటే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కూర తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది. వెనక రైలు చప్పుడు. భట్టిప్రోలు దాటిందట.

"మేడమ్, మీ గ్రాఫ్ వచ్చేసింది."

"ఎక్కడికి?"

"నా లాప్‌టాప్‌లోకి. నా కోడ్‌లోనే. ఒక్క అక్షరం మార్చలేదు మేడమ్."

గొంతులో సంతోషం లేదు. సంగతి విన్నాను. తేడా ఎక్కడ మొదలవుతోందో చూద్దామని ఆమె పొద్దున ఆగిన చోటినుంచి, అంటే పై కొస నుంచి, మెట్టుమెట్టుగా వెనక్కి దిగడం మొదలుపెట్టిందట. ఇంటికి పోయే బండిలో వెనక్కి పోవడం సహజమే. దిగుతుంటే నిండు జత ఒక పట్టాన పోలేదు. ఆమె గీత వచ్చింది, దాటిపోయింది. చివరికి నా గీత దగ్గర విరిగింది.

"పొద్దుటి బండిలో ఒక జవాబు, సాయంత్రం బండిలో ఇంకో జవాబు మేడమ్. అదే కోడ్. అదే సమీకరణం."

నేను స్టవ్ తగ్గించాను. అప్పుడు తట్టింది. నేను లెక్క ఎప్పుడూ పై కొస నుంచే మొదలుపెడతాను. అక్కడ సాంద్రత విపరీతం కాబట్టి కాగితం మీదే జవాబు వస్తుంది. మా గురువు అలాగే నేర్పారు, ఆయన గురువు ఆయనకు అలాగే నేర్పారు. ఆమె కింది నుంచి ఎక్కుతుంది, నేను పై నుంచి దిగుతాను. ఇద్దరం పక్క చోటు జవాబునే ఊహగా వాడుకుంటాం. మా రెండు గీతల నడుమ ఉన్న పట్టీలో సమీకరణానికి జవాబులు రెండున్నాయి. ఏ దశ నుంచి వస్తే ఆ దశ జవాబే చేతిలో పెడుతుంది. చలికాలం నెయ్యి లాంటిది. అదే అలమరలో, అదే చల్లదనంలో, నిన్న పేరుకున్న గిన్నె ఇవాళ కొంచెం ఎండొచ్చినా పేరుకునే ఉంటుంది, పొద్దున కరిగించి పెట్టిన గిన్నె ఇంకా కరిగే ఉంటుంది. రెండిట్లో ఏది అసలు నెయ్యి అని అడగకూడదు. ఏది చివరికి నిలుస్తుంది అని అడగాలి. మా లెక్కలో అది తేల్చేది పీడనం. రెండు జవాబులకూ పీడనం వేరువేరుగా కట్టి, ఎక్కువున్నదాన్ని నక్షత్రానికి ఇవ్వాలి. ఆ చిన్న పని మేమిద్దరం చేయలేదు. జవాబు ఒకటే ఉందనుకున్నవాళ్లు దేన్ని దేనితో పోలుస్తారు?

ఇదంతా ఫోన్‌లోనే ఆమెకు చెప్పాను.

"పోలిస్తే నా టైటిల్ పోతుందా మేడమ్?"

"పోల్చాక చెబుతాను."

"పోతుందన్నమాట," అని పెట్టేసింది.

మా ఆయన అంతా విని, అన్నం కలుపుకుంటూ, "అయితే పొద్దున పోతే ఒక నక్షత్రం, సాయంత్రం వస్తే ఇంకో నక్షత్రమా? మా కంపెనీ వాళ్లు మోటార్లకు గ్యారంటీ ఇంతకంటే నయంగా ఇస్తారు" అన్నారు. ఆ కూరలో ఉప్పు మరిచిపోయాను. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నక్షత్రం గురించి జోకు వేశాక ఉప్పు కూడా అడిగితే బాగుండదనుకున్నారో ఏమో.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ తీసి "జ్వరం మేడమ్" అంది. ఆ జ్వరం ఎలాంటిదో నాకు తెలుసు. సెలవు రోజున నేనే రేపల్లె బండెక్కాను. ఆ బండిలో అంత దూరం నేను పోవడం తక్కువ. కిటికీలోంచి చూస్తే కాలవ పక్కనే నడిచొస్తోంది, నారుమళ్లు, మధ్యమధ్య కొంగలు. దేనికీ తొందర లేదు.

ఇల్లు వెనక, షాపు ముందు. వాళ్ల నాన్న టేపు మెడలో ఉండగానే లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్ గారూ, రండి. పిల్ల అన్నం తినడం లేదండి. ఏంటంటే చెప్పదు. లెక్క తప్పిందంటదండి. తప్పు ఎంత పెద్దదండి?"

"తప్పు చిన్నదేనండి. అది పడ్డ చోటు పెద్దది."

ఆయన మెడలో టేపు సర్దుకున్నాడు. "లాప్‌టాప్ పాతదండి. నాకు ముందు నుంచీ దానిమీదే అనుమానం. కొత్తది కొంటే ఆ పోయిన ఫేజు తిరిగొస్తదాండి?"

"రాదండి."

"మరి ఉన్నదానికైనా కొత్త బ్యాటరీ?"

"అబ్బా!" అని లోపలినుంచి కేక, వాళ్లింట్లో నాన్నను అలాగే పిలుస్తారు. ఆ వెంటే మనిషి వచ్చింది. జ్వరం లేదు, కళ్లు మాత్రం ఉబ్బి ఉన్నాయి. "మేడమ్ ముందు బ్యాటరీ బేరాలేంటి నీకు?"

"నక్షత్రం సంగతి నాకు తెలీదు కదా బేటా. తెలిసింది మాట్లాడా."

వాళ్లమ్మ సేమ్యా తెచ్చింది. తినకపోతే వదిలే మనిషిలా కనిపించలేదు. తిన్నాను, బాగుంది. పిల్లతో, "నువ్వూ తిను. పీడనం లెక్క కట్టాలి, ఖాళీ కడుపుతో నావల్ల కాదు" అన్నాను. గిన్నె అందుకుంది.

బట్ట కత్తిరించే బల్ల పొడుగ్గా ఉంది. వాళ్ల నాన్న దానిమీద పరిచి ఉన్న ప్యాంటు బట్టను మడిచి జాగా చేశాడు. ఇటు ఆమె లాప్‌టాప్, అటు నాది. ఆమె కింది నుంచి ఎక్కింది, నేను పై నుంచి దిగాను. ఈసారి ఒకరి గీత ఒకరికి దాచలేదు. ఆ పట్టీలో ప్రతి చోటా రెండు దశలకూ పీడనం కట్టాం. షాపుకొచ్చిన వాళ్లకు ఆయన గుసగుసగా "ఇవాళ కొలతలు తీయనండి, లోపల లెక్క జరుగుతోంది" అని చెప్పి పంపేస్తున్నాడు. ఒకాయన మాత్రం "నా చొక్కాకేనా ఇంత లెక్క?" అని అడిగి వెళ్లాడు.

మధ్యాహ్నానికి తేలింది. రెండు పీడనాలూ కలిసే చోటు ఆమె గీత మీదా లేదు, నా గీత మీదా లేదు. మధ్యలో, కాస్త నా వైపుగా ఉంది. ఇద్దరం తప్పే. నాది కొంచెం చిన్న తప్పు. ఆ మాట ఆ రోజు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

బరువైన నక్షత్రం నడిబొడ్డు ఆ చోటుకు కుడిపక్కన పడింది. అక్కడ నిండు జతే నిలుస్తుంది. సగం జత అక్కడ బతికి ఉంటుందని ఆమె టైటిల్ చెబుతోంది. బతకదు.

ఆమె ఆ రెండు గీతల మధ్య పట్టీని వేలితో తడుముతూ కూర్చుంది. "ఇన్నేళ్ల పని మేడమ్, బండి ఏ వైపు పోతోందన్న దానిమీద నిలబడింది."

"సెమినారు వాయిదా వేయిద్దామా? టైటిల్ మార్చి, వచ్చే టర్ముకి చెప్పుకుందాం."

తల అడ్డంగా ఊపింది. "వాయిదా వేస్తే అబ్బా ఊరందరికీ కారణం చెప్పాలి. ఇప్పుడు విన్నారుగా ఎలా చెప్తాడో." మళ్లీ గ్రాఫు వైపు తిరిగి, "ఒకటి చెప్పండి మేడమ్. ఈ పట్టీ నిజమేనా? రెండు జవాబులూ ఉండే పట్టీ. ఇది కోడ్ చేసిన మాయ కాదుగా?" అంది.

"నిజమే. ఎక్కేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు ఒక చోట విరిగిందంటే ఆ మార్పు నిదానంగా జరిగేది కాదు, ఉన్నట్టుండి గెంతేది. నెయ్యి పేరుకున్నట్టే. అక్కడ ఒక దశ తన కాలం తీరినా కాసేపు మొండిగా నిలబడగలదు."

"పట్టీ ఎంత వెడల్పో ఎవరైనా కట్టారా?"

మా నమూనాలో కట్టినవాళ్లు నాకు గుర్తు రాలేదు. కట్టాలంటే ఒకరు ఎక్కాలి, ఒకరు దిగాలి, ఇద్దరూ మొండిగా ఉండాలి.

"అయితే సెమినారు అనుకున్న రోజే," అంది.

బాపట్లలో సెమినారు హాలు పేరుకే హాలు. ఇరవై కుర్చీలు, ఒక ఏసీ. ఆ ఏసీ అధికారుల కోసమే పనిచేస్తుంది. ఆ రోజు పనిచేసింది. కమిటీలో బయటినుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఈ రంగంలో తల పండినవారు. ప్రశ్న అడిగే ముందు కళ్లజోడు తుడుస్తారని, ఎంతసేపు తుడిస్తే అంత కష్టమైన ప్రశ్న అని చెప్పుకుంటారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్యాగు జిప్పు తీసి వేస్తున్నాను. పక్కావిడ నా వైపు చూశాక మానేశాను.

ఆమె మొదటి స్లైడు పెట్టింది. "సార్, మీకు పంపిన టైటిల్ తప్పు" అని మొదలుపెట్టింది.

పెద్దాయన తలెత్తారు. "టైటిలే తప్పయితే మమ్మల్ని ఎందుకు పిలిచారమ్మా?"

"ఎందుకు తప్పో చెప్పడానికి సార్. అందులో ఒక రిజల్ట్ ఉంది."

పొద్దుటి గీత చూపించింది. సాయంత్రం గీత చూపించింది. రైలు సంగతి కూడా చెప్పింది, బ్యాటరీతో సహా. ఎవరో నవ్వారు. మధ్యలో నిజమైన గీత పెట్టింది, నా గీత కూడా తప్పేనని చాలా గౌరవంగా అందరికీ వివరించింది. అక్కడ ఇంకొంచెం తక్కువ వివరించినా సరిపోయేది. ఆ పట్టీ వెడల్పు, స్ట్రేంజ్ బరువును మారిస్తే అది ఎలా సన్నబడుతుందో, చివరికి ఎక్కడ మూసుకుపోతుందో చూపించింది. చివరి గ్రాఫు ఆమె నాకు కూడా అంతకుముందు చూపించలేదు. పట్టీ రెండు అంచులూ కలిసి మొనదేలిన గీత అది. నేను ముందుకు వంగి చూశాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

"రెండు దశలూ పక్కపక్కన ఉంటే మధ్యలో గోడ ఉంటుంది కదమ్మా. ఆ గోడకయ్యే శక్తి ఎంత?"

"తెలీదు సార్. మా నమూనాలో రాదు. కట్టాలంటే ఇంకో పద్ధతి కావాలి. దానికి ఇంకో మూడేళ్లడిగితే మా గైడు ఒప్పుకోరు."

"ఒప్పుకుంటారా?" అని ఆయన నన్నడిగారు.

"ఒప్పుకోనండి," అన్నాను లేచి.

"ఊరికే అడిగాను, కూర్చోండి." ఆయన పక్కవాళ్లతో తల దగ్గర పెట్టి మాట్లాడారు. అందులో ఒక్క ముక్కా మాకు వినపడలేదు. ఏసీ చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది. చివరికి ఫారాల మీద సంతకాలు పడ్డాయి. షరతు ఒక్కటే: టైటిల్ మార్చి ఈ రోజే ఆఫీసులో ఇవ్వాలి.

వరండాలోకి రాగానే ఆమె ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"అయిపోయింది అబ్బా. సంతకాలు పెట్టారు. పేరు మార్చమన్నారు."

"నీ పేరుకేమైంది? బాగానే ఉందిగా?"

"నాది కాదు, థీసిస్ పేరు."

"అది మార్చుకో, నాకేం అభ్యంతరం లేదు. మరి ఆ ఫేజు?"

"లోపల లేదు అబ్బా. కొంచెం పై పొరల్లో ఉంది."

"ఉందిగా ఎక్కడో చోట," అన్నాడాయన. వెనక కుట్టుమిషను ఆగి మళ్లీ మొదలైంది.

వరండా మెట్ల మీదే కూర్చుని టైటిల్ రాశాం. మొదటిది ఆమె రాసింది, అందులో "నిరూపణ" అన్న మాట ఉంటే నేను కొట్టేశాను. రెండోది నేను రాశాను, అది చదవడానికి ఊపిరి చాలదని ఆమె కొట్టేసింది. మూడోది, ఆ పట్టీ గురించి, ఇద్దరం కలిసి రాశాం. పాతదానికంటే పొడుగు, చెప్పేది మాత్రం తక్కువ. ఆఫీసు గుమస్తా కంప్యూటర్‌లో ఇచ్చిన గడిలో అది పట్టలేదు. ఏవైనా రెండు మాటలు తీసేస్తే పడుతుందన్నాడు. ఏ రెండు అని ఇద్దరం కాసేపు వాదించుకుని, "బరువైన", "నక్షత్రాలలో" తీసేశాం. అవి లేకపోయినా అర్థం చెడలేదు.

ఆమె ప్రింటు తీసిన కాగితాన్ని నిలబడే ఒకసారి, కూర్చుని ఇంకోసారి చదివింది.

"ఇది ఏ వైపు నుంచి వచ్చినా నిలబడుతుంది మేడమ్," అని నాకు పెన్ను ఇచ్చింది. గైడు అని ఉన్న చోట సంతకం పెట్టాను.